ఇంటి సామానులలో నల్లులు: వాని నివారణ



వరికి సుడిదోమ పట్టినచో మీరు ఆ మాట నలుగురిలో చెప్పుదురు. విస్తరణాధికారిని పిలిచి మడి చూపుదురు. నిలువ ధాన్యమునకు ముక్కపురుగు పట్టినచో పొరుగువారిని సలహా అడుగుదురు. కాని మంచమునకు నల్లి పట్టినచో మాత్రము ఎవ్వరితోను చెప్పరు. అది పరువు తక్కువ అని తలచి, తలుపు వేసికొని, కొట్టములో ఉన్న పొలము మందు డబ్బా మూత తీయుదురు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే. నల్లి ప్రాణము తీయదు. నల్లి కొరకని పడకగదిలో పెట్టిన పొలము మందు ప్రాణము తీయును.

నల్లిని తొలగించుటకు కావలసినవి మూడు: వేడి, శ్రమ, ఓపిక. ఈ మూడును ప్రతి ఇంటను దొరకును. వానిని ఏ వరుసలో వాడవలెనో తెలిసికొన్నచో చాలును.

నల్లి మన ఇంటికి ఎట్లు వచ్చును?

నల్లికి రెక్కలు లేవు. అది ఎగురలేదు, దుముకలేదు. దూర ప్రయాణమంతయు మన సామానుతోనే చేయును. సికింద్రాబాదు వంటి పట్టణమును చూడుడు. 1806లో సైనికుల దండుగా వెలసి, లష్కరు అని పేరు పొందిన ఊరది. 1874లో అక్కడకు రైలు వచ్చినది. నాటి నుండి నేటి వరకు అక్కడి స్టేషనులో పరుపు చుట్టలు, ట్రంకు పెట్టెలు, గోనె మూటలు దిగుచునే ఉన్నవి, ఎక్కుచునే ఉన్నవి. ప్రక్క ప్రక్కన పెట్టిన రెండు మూటలలో ఒకదానిలో నల్లి ఉన్నచో, రెండవది కూడ దానిని మోసికొని పోవును. పూర్వము సినిమా హాలు బెంచీ మీద కూర్చుండి వచ్చినవారు, ఆటతో పాటు నల్లిని కూడ ఇంటికి తెచ్చుకొనుట అందరు ఎరిగినదే.

మీ కుమారుడు సికింద్రాబాదులో గది అద్దెకు తీసికొని చదువుచున్నాడనుకొనుడు. వేసవి సెలవులకు పరుపు చుట్టతో ఇల్లు చేరును. ఆ చుట్టను తిన్నగా తెచ్చి నడిమింటి మంచము మీద విప్పుదురు. లేక సంతలో పాత మంచము చవుకగా దొరికినదని బండి మీద వేసికొని వత్తురు. చూలుతో నున్న ఒక్క ఆడ నల్లి ఆ చుట్టలో గాని, ఆ మంచపు కోటి బెజ్జములో గాని ఉన్నచో చాలును. ఇందులో మీ పరిశుభ్రతకు వచ్చిన లోపమేమియు లేదు. మేడలోనికిని, గుడిసెలోనికిని నల్లి ఒకే తీరున వచ్చును. మురికి నల్లిని పుట్టింపదు. అయితే చిందరవందరగా పడియున్న సామాను దానికి దాగు చోటు ఇచ్చును.

నల్లి స్వరూపము, జీవితము

పెద్ద నల్లి సుమారు 5 మిల్లీమీటర్ల పొడవుండును. బల్లపరుపుగా, ఇటుక రంగులో ఉండును. రక్తము త్రాగిన పిదప ఉబ్బి, ఎఱ్ఱగా, పొడవుగా అగును. గుడ్డు 1 మిల్లీమీటరు పొడవున, సన్న రవ్వ పలుకువలె తెల్లగా ఉండును. ఆడ నల్లి ఈ గుడ్లను జిగురుతో పట్టె సందులలోను, నవారు మడతలలోను అంటించును. అందుచేత దులిపినంత మాత్రమున అవి రాలవు. రోజునకు రెండు మూడు గుడ్ల చొప్పున ఒక్క ఆడ నల్లి తన జీవితములో నూటికి పైగా గుడ్లు పెట్టగలదు.

మన వేడి దినములలో వారము, పది దినములకు గుడ్డు పగులును. పిల్ల నల్లి ఐదు సార్లు కుబుసము విడిచి పెద్దదగును. ప్రతి కుబుసమునకు ముందు ఒకసారి రక్తము త్రాగియే తీరవలెను. అనుకూలమైన వేడిలో నెలన్నరకు అది గుడ్లు పెట్టు నల్లి యగును. ఆహారము లేకున్నను వారముల తరబడి, చల్లని తావులలో నెలల తరబడి బ్రతుకును. కావున నాలుగు దినములు ఇల్లు తాళము వేసి ఊరికి పోయి వచ్చినచో నల్లులు ఆకలితో చచ్చునని తలచుట పొరపాటు.

పగలు నల్లి కనబడదు. నులక ముళ్ళలో, మంచపు కోళ్ళ బెజ్జములలో, పరుపు కుట్టులలో, దిండు మూలలలో, గోడ పగుళ్ళలో, పటముల వెనుక దాగియుండును. రాత్రి నిద్రించువారి ఊపిరికిని, ఒంటి వేడికిని వచ్చి, ఐదు పది నిమిషములలో కడుపు నింపుకొని మరల దాగును. దుప్పటి మీద నల్లని చుక్కలు, చిన్న రక్తపు మరకలు, సందులలో పలుచని కుబుసములు, పచ్చి కొత్తిమీరను నలిపినట్లు ఒక ఘాటైన వాసన: ఇవి దాని గురుతులు.

నల్లి వలన కలుగు నష్టము

రక్తము త్రాగు పురుగుల చరిత్రలో సికింద్రాబాదునకు గొప్ప స్థానము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు, పట్టణమునకు చేరువనున్న బేగంపేటలో, దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. దోమ దోషము బయటపడిన పిదప శాస్త్రజ్ఞుల అనుమానము నల్లి మీదకు కూడ పోయినది. 1907లో మద్రాసులో పాటన్ అను వైద్యుడు, కాలా అజార్ అను జ్వరమును నల్లియే వ్యాపింపజేయుచున్నదేమో అని పరిశోధనలు జరిపెను. అనేక సంవత్సరములు ఆ అనుమానము నిలిచినది. తుదకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనువారు దోషము ఇసుక ఈగదే అని ఋజువు చేసిరి. నల్లి మనుష్యులలో ఏ జ్వరమునైనను వ్యాపింపజేయునని ఇంతవరకు ఋజువు కాలేదు.

అంతమాత్రమున నల్లిని ఉపేక్షింపరాదు. నిద్ర చెడును. మరునాటి పని చెడును. దురదకు గోకిన చోట పుండు పడును. ముఖ్యముగా పసిబిడ్డల సంగతి గమనింపుడు. సికింద్రాబాదు సరసన తార్నాకలో నేడు జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఆ సంస్థకు పూర్వ నామము పోషకాహార పరిశోధనాలయములు. అక్కడి శాస్త్రజ్ఞులు వేంకటాచలము, బెలవాడి గారలు 1962లో ఈ విషయమై ఒక పత్రము ప్రకటించిరి. నల్లులు మితిమీరి కుట్టుట వలన శరీరములోని ఇనుము నష్టమగునని, పసిపిల్లల రక్తహీనతకు అదియు ఒక కారణము కావచ్చునని వారు సూచించిరి. ఒక్క నల్లి త్రాగునది చిన్న బొట్టే. ప్రతి రాత్రియు పదుల కొలది నల్లులు ఒక్క పసిబిడ్డను పట్టినచో ఆ బొట్టులే లెక్కకు వచ్చును. బిడ్డ పాలిపోయి, రాత్రులు ఏడ్చుచున్నచో వైద్యునికి చూపుడు. ఇంటికి వచ్చి ఉయ్యాల తాళ్ళను, బొంత మడతలను కూడ చూడుడు.

డి.డి.టి. నేర్పిన పాఠము

1953లో మలేరియా నివారణ కార్యక్రమము ప్రారంభమై, ఇండ్ల గోడలకు డి.డి.టి. చల్లినప్పుడు, దోమలతో పాటు నల్లులు కూడ చచ్చినవి. జనులు సంతోషించిరి. కాని కొలది సంవత్సరములలోనే నల్లి ఆ మందునకు అలవాటు పడినది. తట్టుకొన్నవి మిగిలి, వాని సంతతియే పెరిగినది. పిదప మందు చల్లినచో నల్లులు చావక, చీకాకుపడి పట్టపగలే సందుల నుండి వెలువడెడివి. మందు వలననే నల్లులు పెరుగుచున్నవని తలచి, అనేక గ్రామములలో జనులు మందు చల్లువారిని ఇంట అడుగు పెట్టనీయలేదు. నేడు బజారులో దొరకు పైరెత్రాయిడు జాతి మందులకు కూడ నల్లులు చాలవరకు అట్లే అలవాటు పడియున్నవి. పత్తి చేనిలో ఒకే మందు పదే పదే కొట్టినచో ఏమగునో మీరు ఎరుగుదురు. మంచము మీద జరుగునదియు అదియే.

పొలము మందు పడకగదికి తగదు

ఈ మాట మరచిపోకుడు. పైరు మీద కొట్టు మందును మంచమునకు గాని, పరుపునకు గాని, గోడకు గాని పూయరాదు. చేనిలో గాలి వీచును, ఎండ కాయును, మీరు పని ముగించి వెడలిపోవుదురు. గదిలోనైతే మీ బిడ్డ ఎనిమిది గంటలు ఆ మందు మీద ముఖము పెట్టి నిద్రించును.

అన్నిటికంటె ప్రమాదమైనవి ధాన్యము నిలువకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు. ఇవి గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. ఆ వాయువు తలుపు సందుల గుండ, గోడ పగుళ్ళ గుండ ప్రక్క గదికి, ప్రక్క ఇంటికి కూడ పోవును. దానికి విరుగుడు మందు లేదు. నల్లులు చచ్చునని మంచము క్రింద ఈ బిళ్ళలు పెట్టి, ప్రక్క గదిలో పండుకొన్న పిల్లలు మరణించిన ఘోరములు మన దేశమున జరిగినవి. శిక్షణ పొందిన అధికారుల, నిపుణుల పర్యవేక్షణ లేక ఈ బిళ్ళలు వాడుటను చట్టము నిషేధించుచున్నది.

పొరపాటున ఎవరైన పెట్టినట్లు తెలిసినచో వెంటనే అందరును ఆరుబయటకు రండు. బిళ్ళల మీద నీరు పోయకుడు. పోసినచో విషవాయువు మరింత వేగముగా వెలువడును. వాంతి, ఛాతీ బిగింపు, ఊపిరాడకపోవుట కనబడినను, కనబడకున్నను, 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోయి మందు పేరు చెప్పుడు. ఆ పూట సిగ్గుపడి మందు పేరు దాచినచో ప్రాణమునకే మోసము.

కిరోసిను, పెట్రోలు పూయుట కూడ మానుడు. ఒక్క అగ్గిపుల్లతో ఇల్లు అంటుకొనును.

నివారణ పద్ధతులు

పెద్ద నల్లి సుమారు 48 డిగ్రీల సెంటిగ్రేడు వేడికిని, గుడ్డు సుమారు 55 డిగ్రీల వేడికిని వెంటనే చచ్చును. ఈ రెండు అంకెలు గుర్తుంచుకొనుడు. సికింద్రాబాదు ప్రాంతమున మే నెల గాలి వేడి 40, 42 డిగ్రీలకు చేరును. అది మనకు భరింపరానిదే గాని నల్లిని చంపుటకు చాలదు. కేవలము మంచమును ఎండలో వేసినచో నల్లులు నీడ వైపునకు, లోపలి సందులకు తప్పుకొనును. ఎండను పట్టి బంధించినచో మాత్రమే అది మందుగా పనిచేయును.

1. వెదకుట: రాత్రి టార్చిలైటుతో, పాత పోస్టుకార్డు అంచుతో సందులు గీచి చూడుడు. ఏ గదిలో, ఏ సామానులో ఉన్నవో గుర్తించుడు. పట్టిన సామానును మరియొక గదికి మార్చకుడు; మార్చినచో నల్లిని మీరే నాటినట్లగును. గుడ్డలను ఉన్నచోటనే సంచిలో వేసి మూతి కట్టి బయటకు తెండు.

2. ఉతుకదగిన గుడ్డలు: దుప్పట్లు, దిండు గలీబులు, బొంతలు, దోమతెరలు వేడి నీటిలో నానవేయవలెను. సలసల కాగిన నీరు మూడు పాళ్ళు, మామూలు నీరు రెండు పాళ్ళు కలిపినచో తగిన వేడి వచ్చును. గుడ్డలు మునుగునట్లు పోసి, మూత పెట్టి, అరగంట ఉంచి పిదప ఉతుకుడు. చిన్న పిల్లలను ఆ దరికి రానీయకుడు. చన్నీటిలో నానవేసినచో నల్లులు చచ్చినను గుడ్లు చావవు. ఆరిన పిదప కుట్టుల వెంట ఇస్త్రీ చేయుట మరింత మేలు.

3. ఉతుకరాని సామాను: గొంగళ్ళు, పుస్తకములు, చెప్పులు, తోలు సంచులు మొదలగువానిని నల్లని ప్లాస్టిక్ సంచులలో పలుచగా పరచి, గాలి చొరకుండ మూతి బిగించి, బండ మీదనో, రేకు మీదనో ఉదయము 10 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు ఎండలో ఉంచుడు. నడుమ ఒకసారి త్రిప్పుడు. సంచి విప్పి సామాను నడుమ తాకినచో చేయి నిలుపలేనంత వేడి ఉండవలెను. ఇట్లు మూడు దినములు చేయుడు. ఒక సంచిలో ఎక్కువ కుక్కినచో నడుమ భాగము వేడెక్కదు, శ్రమ వ్యర్థమగును. ప్లాస్టిక్ బొమ్మలు, కరగు వస్తువులు ఇందులో పెట్టరాదు. ఊరిలో డీప్ ఫ్రీజరు ఉన్నచో అట్టివానిని సంచిలో మూసి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నాలుగు దినములు ఉంచవచ్చును.

4. పరుపులు: దూది పరుపు దళసరిగా ఉండుటచే లోపలికి వేడి పోదు. గలేబు విప్పి వేడి నీటిలో వేయుడు. దూదిని విడదీసి సంచులలో పైన చెప్పినట్లు ఎండబెట్టి, పిదప ఏకించుడు. దూది ఏకువారికి ముందుగా సంగతి చెప్పుట ధర్మము.

5. మంచములు: మంచమును పెరటిలో తెల్లని గుడ్డ మీద పెట్టి, నులక లేక నవారు పూర్తిగా విప్పుడు. విప్పిన దానిని కాగిన నీటిలో వేయుడు. పట్టెలను కోళ్ళ నుండి ఊడదీసి, బెజ్జములలోను, సందులలోను కాగిన నీరు నిదానముగా పోయుడు. పై పైన చిలుకరించినచో నీరు చల్లారిపోవును. ఒక్కొక్క బెజ్జము నిండునట్లు పోయవలెను. ఆరిన తరువాత పగుళ్ళను మైనముతో గాని లప్పముతో గాని పూడ్చుడు. ఇనుప మంచమైనచో గొట్టముల మూతులు కూడ మూయుడు.

6. గది: పటములు, కాలెండర్లు దించి వెనుక తుడువుడు. గోడ పగుళ్ళు, గడపల సందులు, దూలపు మూలలు సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చుడు. ఊడ్చిన దుమ్మును ఇంటికి దూరముగా తగులబెట్టుడు. స్విచ్చి బోర్డుల దరిని నీరు పోయరాదు.

7. కాపుదల: మంచమును గోడకు జానెడు దూరముగా ఉంచుడు. దుప్పటి నేలను తాకరాదు. నాలుగు కోళ్ళ క్రింద సబ్బు నీరు పోసిన గిన్నెలు పెట్టుడు. ఉత్త గిన్నె చాలదు. మన ఉష్ణదేశపు నల్లి నునుపైన గోడను కూడ ఎక్కగలదు. అయితే ఆ నీటిని మూడు దినములకొకసారి పారబోసి, గిన్నె తోమి, మరల పోయుడు. మరచినచో దోమలు పుట్టును. నల్లిని తప్పించుకొని, రాస్ దోషము బయటపెట్టిన దోమకు ఇల్లు కట్టి ఇచ్చినట్లగును.

8. మరల చేయుట: ఇదియే ముఖ్యము. మొదటి దినమున చేసిన పని పదవ దినమున మరల చేయుడు. తప్పించుకొన్న గుడ్లు అప్పటికి పిల్లలై యుండును. ఇరువదవ దినమున మూడవసారి చేయుడు. పిదప రెండు నెలలు వారమునకొకసారి టార్చిలైటుతో చూచుచుండుడు. ఒక్కసారి చేసి, పోయినవని సంతోషించి మానివేసినవారే నెలన్నరకు మరల మొదటికి వచ్చుచున్నారు.

ఇంతచేసినను పోనిచో లైసెన్సు గల పురుగుల నివారణ సంస్థ వారిని పిలువుడు. ఇంటి నల్లుల కొరకు అని చీటీపై వ్రాసి యున్న మందునే వాడుదురా, వేడి ఆవిరి పట్టు పద్ధతి వారి వద్ద కలదా అని ముందుగా అడుగుడు. వారు చెప్పిన గడువు తీరు వరకు ఇంటిలో ప్రవేశింపకుడు.

ఏ కార్తెలో చేయవలెను?

ఈ పనికి కృత్తిక, రోహిణి కార్తెలు శ్రేష్ఠము. మే రెండవ వారము నాటికి సూర్యుడు మన నడినెత్తికి వచ్చును. దుక్కులు ముగిసి, తొలకరికి ఇంకను వ్యవధి ఉండును. పిల్లలు సెలవులకు ఇల్లు చేరియుందురు. పెట్టెలు విప్పక మునుపే, గడప బయటనే, ఈ పద్ధతులు జరిపింపవచ్చును. మృగశిర కార్తెలో ముసురు పట్టినచో ఎండ దొరకదు. ఆషాఢములో లష్కరు బోనాలకు పోయి వచ్చు చుట్టములు, మన ఇండ్లకు వచ్చు చుట్టములు పడకలు కలిపి పండుకొందురు. ఆ లోపుగా పని ముగించుకొన్నచో మీ నల్లి చుట్టములతో పోదు. చుట్టముల నల్లి వచ్చినను, ఖాళీ ఇంటిలో వెంటనే పట్టుబడును.

గ్రామాధికారులకు మనవి

పంచాయతి కార్యదర్శులు, విస్తరణాధికారులు, ఆశా కార్యకర్తలు ఈ విషయమును రైతు వేదికలో బహిరంగముగా మాట్లాడవలెను. ఒక్కరు మొదలు పెట్టినచో మిగిలినవారి సిగ్గు తొలగును. గోడకు గోడ కలిసిన ఇండ్లలో ఒక ఇల్లు మాత్రమే శుభ్రపరచిన ప్రయోజనము తక్కువ. వాడ అంతయు ఒకే దినమున పూనుకొనునట్లు చూడుడు. వసతి గృహములలో మంచములను సెలవులలోనే, బాలురు తిరిగి రాక మునుపే, పైన చెప్పిన రీతిగా శుభ్రపరపింపుడు. నల్లి పట్టిన మంచమును వీధిలో పారవేయుటను, తెలియనివారికి అమ్ముటను మాన్పింపుడు. నల్లి మందు అని చెప్పి పొలము మందులను విడి సీసాలలో అమ్మువారు కనబడినచో పై అధికారులకు తెలియజేయుడు.

సోదరులారా! నల్లి బాధ పడలేక దేవతలు సైతము నేల విడిచిరని మన చాటుకవి వెనుకటికి హాస్యమాడినాడు. మనము ఇల్లు విడువనక్కరలేదు. ఒక బిందెడు కాగిన నీరు, ఒక నల్లని సంచి, రోహిణి కార్తె ఎండ, ఇరువది దినముల ఓపిక ఉన్నచో నల్లియే ఇల్లు విడుచును. కొట్టములో ఉన్న పొలము మందు డబ్బాకు మాత్రము తాళము వేసి, తాళము చెవి పిల్లలకు అందని చోట ఉంచుడు.